హస్తవాసి

వైద్యుని గూర్చి విచారించునపుడు మన పెద్దలు మొదట అడుగునది ఆయన చదువును గూర్చి కాదు. "ఆయన హస్తవాసి ఎటువంటిది?" అని అడుగుదురు. ఒకే మందును ఇద్దరు వైద్యులిచ్చినను, ఒకరి చేతి మీదుగా పుచ్చుకొన్నది గుణమిచ్చుననియు, మరియొకరి చేతి మీదుగా పుచ్చుకొన్నది ఇయ్యదనియు నమ్మకము. వీధిలో తమిళము, ఇంటిలో తెలుగు మాటలాడుకొనుచు తరతరములుగా తమిళదేశమున నివసించుచున్న మావంటి కుటుంబములలో ఎన్నో తెలుగు మాటలు జారిపోయినవి గాని, ఈ మాట మాత్రము జారిపోలేదు. మా ఇరుగుపొరుగు తమిళులు దీనినే 'కైరాసి' అందురు. భాష వేరైనను నమ్మకము ఒక్కటే.

ఈ నమ్మకము చేత మా ఇంట ఒక ప్రాణము పోయినది. దానిని సవరించుకొనుట చేత మరియొక ప్రాణము నిలిచినది. మన సంఘమువారు ఈ సంచికకు ఏదైన వ్రాయుమని కోరినపుడు, మన పండుగలను గూర్చియో, మన యాసను గూర్చియో వ్రాయవలెనని మొదట తలచితిని. కాని ప్రతి ఇంటను ఎప్పుడో ఒకప్పుడు అవసరపడు ఈ సంగతిని చెప్పుటయే మేలని తోచినది.

మాది కోవిల్పట్టికి సమీపమున ఒక పల్లె. నల్లరేగడి నేల, ప్రత్తియు, మిరపయు, వర్షము దయతలచిన యేట జొన్నయు పండును. మాలో పూర్వాచారము ననుసరించి మా అక్కను మా మేనమామకే ఇచ్చిరి. కావున ఆయనను బావ అని పిలువవలసినవాడనైనను, చిన్ననాటి అలవాటు విడువలేక, చివరి వరకు "మామా" అనియే పిలిచితిని. నేను గణితోపాధ్యాయుడనగుటకు ఫీజు కట్టినదియు ఆయనయే.

1996లో మామ కన్నులు పచ్చబడినవి. ఒళ్ళంతయు దురద. కామెర్లని తలచి, నేల ఉసిరి నూరి మజ్జిగలో కలిపి నెల దినములు ఇచ్చిరి. తగ్గలేదు. స్కానింగు తీయగా, పిత్తనాళము చిన్నప్రేగులో కలియుచోట ఒక గడ్డ యున్నదనియు, ఆపరేషను చేయక తప్పదనియు తేలినది. మా ప్రాంతమున ఒక చిన్న ఆసుపత్రి కలదు. నగరము నుండి ఒక శస్త్రవైద్యుడు నెలకు రెండు మారులు అచటికి వచ్చి ఆపరేషనులు చేసిపోవుచుండెడివారు. ఆయన హస్తవాసిని పొగడని ఇల్లు లేదు. దూరము పోనక్కరలేదు, చుట్టపక్కములు దగ్గర నుందురు, అన్నము ఇంటి నుండి పంపవచ్చును. ఇంతకంటె ఏమి కావలెనని మేమందరము ఏకగ్రీవముగా తీర్మానించుకొంటిమి.

ఆ ఆపరేషను సామాన్యమైనది కాదు. క్లోమగ్రంథి తలభాగమును, దానిని చుట్టియున్న చిన్నప్రేగు మొదటి భాగమును, పిత్తాశయమును, పిత్తనాళములో కొంత భాగమును తొలగించి, మిగిలిన క్లోమమును, పిత్తనాళమును, జీర్ణకోశమును తిరిగి ప్రేగునకు అతుకవలెను. అమెరికా దేశపు శస్త్రవైద్యుడు ఆలెన్ విప్పిల్ 1935లో దీనిని గూర్చి ప్రకటించుటచే ఆయన పేరే దీనికి నిలిచినది. వీనిలో క్లోమపు అతుకు మిక్కిలి ప్రమాదకరమైనది. క్లోమరసము మాంసమును సైతము అరిగించు రసము. అతుకు నుండి అది కారినచో, సమీపమందలి రక్తనాళపు గోడను తినివేయగలదు. పెద్ద రక్తస్రావమునకు కొన్ని గంటలు ముందుగా, కడుపులో నుంచిన గొట్టములో కొద్దిపాటి రక్తము కనబడుట కద్దు. అది ఒక హెచ్చరిక. ఇవన్నియు నేను తరువాత తెలిసికొన్న సంగతులు.

ఆపరేషను ఏడు గంటలు పట్టినది. చక్కగా జరిగినదని చెప్పి, వైద్యుడు రాత్రి రైలుకు వెడలిపోయిరి. ఆరు దినములు మామ బాగుగనే యుండెను. లేచి కూర్చుండెను, గంజి త్రాగెను, ప్రత్తి ధర ఎంత పలుకుచున్నదని అడిగెను. ఏడవ రాత్రి తోడుగా నేనుంటిని. అంతవరకు పసుపు వన్నె నీరు వచ్చుచుండిన గొట్టములో కొంచెము ఎఱుపు కనబడినది. అచటనున్న నర్సును పిలిచితిని. కొత్తగా చేరిన చిన్నపిల్ల. ఆమె చూచి, సీసాను ఖాళీ చేసి, కాగితముపై వ్రాసికొని, ఉదయము డాక్టరుకు చెప్పుదునన్నది. మామ నిద్రించుచుండెను. నేనును కునుకు తీసితిని.

తెల్లవారుజామున నాలుగు గంటలకు మేలుకొనునప్పటికి పక్క తడిసియున్నది. తరువాత జరిగినదంతయు పరుగులే. ఫోను కొరకు ఒకరు, రక్తము కొరకు ఒకరు, కారు కొరకు ఒకరు. రాత్రివేళ స్కానింగు చేయువారు లేరు. ఆ రక్తనాళమును మూయగలవారు లేరు. మదురకు తీసికొనిపోవుటకు కారు గుమ్మము ముందు నిలుచునప్పటికే మామ పోయెను.

ఆ చిన్నపిల్లపై నాకు నేటికిని కోపము లేదు. ఆమె అటువంటి ఆపరేషను అయిన రోగిని అంతకుముందు చూచి యెరుగదు. చూడని దానిని గుర్తించుట ఎట్లు? ఆ వైద్యునిపైనను కోపము లేదు. ఆయన కుట్టిన కుట్టులో లోపమున్నదని ఎవరును అనలేరు; ఆరితేరినవారి చేతిలోను ఆ అతుకు కారుట కలదు. ఇరువది సంవత్సరములు మేము దీనిని విధి అనియే అనుకొంటిమి. "ఆయన హస్తవాసి మనకు కలిసి రాలేదు" అని అక్క ఒక్క మాట అని ఊరకుండెను.

2017లో అక్కకు కడుపునొప్పి వచ్చినది. పరీక్షలు చేయించగా క్లోమగ్రంథి తలలో గడ్డ. మామకు చేసిన ఆపరేషనునే అక్కకును చేయవలెనట. ఆ మాట విన్న దినమున మా ఇంట పొయ్యి వెలుగలేదు.

మా ఊరి వైద్యుడు తమిళుడు, వృద్ధుడు, మా రెండు తరములను ఎరిగినవాడు. ఆయన నన్ను ప్రక్కకు పిలిచి చెప్పినది ఇది: "దీనిని ఇక్కడ చేయించవద్దు. మంచి చేతిని వెదకవద్దు. మంచి ఇంటిని వెదకుము. ఈ ఆపరేషను వారము వారము జరుగు ఆసుపత్రికి పొమ్ము." గణితోపాధ్యాయుడనగుటచే, లెక్క చూడనిదే నా మనస్సు ఊరుకొనదు. మా మేనకోడలి కుమారునిచే వైద్యపత్రికలు తెప్పించుకొని నాలుగు రాత్రులు చదివితిని.

1979లో హెరాల్డ్ లఫ్ట్ మున్నగువారు అమెరికాలోని 1,498 ఆసుపత్రులలో జరిగిన 12 రకముల ఆపరేషనులను పరిశీలించిరి. హృదయమును తెరచి చేయు శస్త్రచికిత్స, రక్తనాళముల శస్త్రచికిత్స మొదలగు వానిని ఏటికి 200 గాని అంతకు మించి గాని చేయు ఆసుపత్రులలో, తక్కువ చేయు వానికంటె మరణములు నూటికి 25 నుండి 41 వంతుల వరకు తక్కువగా నుండెను. రోగుల స్థితిగతులలోని భేదములను లెక్కలోనికి తీసికొనిన తరువాత తేలిన ఫలితమిది.

2002లో జాన్ బర్క్‌మేయర్ బృందము వృద్ధులైన రోగులకు 1994 నుండి 1999 వరకు జరిగిన సుమారు 25 లక్షల ఆపరేషనులను 14 రకములుగా విభజించి చూచినది. మాకు కావలసిన క్లోమపు ఆపరేషను అందులో నున్నది. దానిని ఏటికి ఒకటియైనను చేయని ఆసుపత్రులలో నూటికి 16.3 మంది మరణించిరి. ఏటికి 16కు మించి చేయు ఆసుపత్రులలో 3.8 మంది. ఆ రెండు సంఖ్యలను నోటుపుస్తకములో ఒకదాని క్రింద ఒకటి వ్రాసి తీసివేసితిని. నలుబది ఏండ్లు పిల్లలకు తీసివేతలు నేర్పినవాడను. ఏ తీసివేతయు నా చేతిని అంతగా వణికింపలేదు. ప్రతి నూరుగురిలోను పన్నెండుగురు! వారిలో మా మామ ఒకడు కాడని ఎట్లు చెప్పగలను?

మరియొక పరిశోధన నన్ను ఎక్కువగా కలవరపెట్టినది. రాబర్ట్ హక్‌మన్, గ్యారీ పిసానో అను ఇద్దరు 2006లో ప్రకటించినది. పెన్సిల్వేనియా రాష్ట్రమున ఒకటి కంటె ఎక్కువ ఆసుపత్రులలో ఆపరేషనులు చేయు హృదయశస్త్రవైద్యులను వారు పరిశీలించిరి. ఒక వైద్యుడు ఒక ఆసుపత్రిలో ఎక్కువ ఆపరేషనులు చేసినకొలది ఆ ఆసుపత్రిలోని రోగుల ఫలితములు మెరుగుపడినవి. కాని అదే వైద్యుడు మరియొక ఆసుపత్రికి పోయి చేసినపుడు ఆ మెరుగుదల ఆయన వెంట పోలేదు! చేతులు అవే, కత్తి అదే, విద్య అదే. మారినది ఇల్లు. నగరము నుండి రైలులో వచ్చిన మా వైద్యుని చేతులు మాత్రమే మా ఊరికి వచ్చినవి. ఆయన ప్రక్కన నిలుచు మత్తు డాక్టరు, రాత్రి మేలుకొనియుండు నర్సు, రక్తము సిద్ధముగా నుంచువారు, నడిరేయి స్కానింగు తీయువారు, అందరును నగరముననే నిలిచిపోయిరి.

అభ్యాసము యొక్క విలువ మనవారికి తెలియనిది కాదు. సుశ్రుత సంహిత సూత్రస్థానములో దీనికై ఒక అధ్యాయమే కలదు. శాస్త్రమంతయు చదివినవాడైనను చేతితో సాధన చేయనిచో పనికి యోగ్యుడు కాడని చెప్పి, గుమ్మడి, సొర, దోస వంటి కాయలపై కోతను, చచ్చిన జంతువుల సిరలపైనను కలువ కాడలపైనను సిరను ఛేదించుటను, దళసరి గుడ్డపైనను మెత్తని తోలుపైనను కుట్టును, బొమ్మలపై కట్టు కట్టుటను నేర్చుకొనుమని శిష్యునికి విధించినాడు. అయితే ఆ అభ్యాసము ఒక్కని చేతికి సంబంధించినది. నేటి పెద్ద శస్త్రచికిత్సలో పనిచేయు చేతులు పదులకొలది. కావున అభ్యాసము కూడ ఆ పదిమందికి కలిసి జరుగవలెను.

దీనికి ఉదాహరణ మా సీమలోనే కలదు. 1918లో మా ప్రాంతపు వడమలాపురమున జన్మించిన డాక్టరు గోవిందప్ప వెంకటస్వామి గారికి యౌవనములోనే కీళ్ళవాతము వచ్చి వ్రేళ్ళు వంకరపోయినవి. అట్టి వ్రేళ్ళతో ఆయన లక్షకు పైగా కంటి ఆపరేషనులు చేసిరి. కాని 1976లో 11 పడకలతో మదురలో స్థాపించిన అరవింద నేత్రవైద్యశాలలో ఆయన తన చేతులనే నమ్ముకొనలేదు. పల్లెల నుండి యువతులను చేర్చుకొని, శిక్షణ ఇచ్చి, ఒక్కొక్కరికి ఒక్కొక్క పని అప్పగించి, ఆ పనిని వేలమారులు చేయించిరి. 2006లో ఆయన పోయిరి. ఆసుపత్రి పని ఆగలేదు. కంటి పొర తీయుట వేరు, క్లోమమును కోయుట వేరు. అయినను నేర్పును చేతి నుండి ఇంటికి మార్చుట అనగా ఏమో అచట చూడవచ్చును.

లెక్కలు నన్ను ఒప్పించినవి గాని అక్కను ఎట్లు ఒప్పింపగలవు? చెన్నపట్నము పోవలెననగానే ఆమె ముఖము త్రిప్పుకొన్నది.

"మామను కోసినారు, పంపినారు. నన్నెందుకురా మళ్ళీ కోయించేది? పోతే మన ఊర్లోనే, మన వాళ్ళ మధ్యనే పోతాను."

"అక్కా, మామ కోసినందుకు పోలేదు. ఆ రాత్రి చూసేవాళ్ళు లేక పోయినాడు. పక్కన నేనుండీ చూడలేకపోతిని" అంటిని.

ఇరువది సంవత్సరములలో ఆ మాట నా నోట వచ్చుట అదే మొదలు. అక్క చాలసేపు నావంక చూచి, "నువ్వింకా దాన్నే మోస్తున్నావా తమ్ముడా?" అని, మరునాడు పెట్టె సర్దించుకొన్నది.

చెన్నపట్నములోని పెద్ద ఆసుపత్రిలో శస్త్రవైద్యుని ఎదుట కూర్చుండి, సిగ్గు విడిచి అడిగితిని: "అయ్యా, ఈ ఆపరేషను పోయిన సంవత్సరము ఇచట ఎన్ని జరిగినవి? వారిలో ఎందరు ఇంటికి పోయిరి? ఆపరేషను అయిన రాత్రులలో ఎవరుందురు?" కోపగించుకొందురని భయపడితిని. ఆయన కోపగించుకొనలేదు. వారమునకు ఒకటికి తక్కువ కాకుండ జరుగుచున్నవని చెప్పి, మృతుల సంఖ్యను కూడ దాచక చెప్పి, "నన్ను చూచి నిర్ణయించుకొనవద్దు, వార్డును చూచి రండి" అనిరి.

ఆపరేషను జరిగినది. తొమ్మిదవ రాత్రి రెండు గంటలకు గొట్టములో ఎఱుపు కనబడినది. ఈమారు నేను నిద్రపోలేదు. తొమ్మిది రాత్రులుగా ఆ గొట్టమునే చూచుచుంటిని. కాని నేను లేచి పిలుచుటకు ముందే నర్సు వచ్చినది. ఆమె సీసాను ఖాళీ చేయలేదు. దీపము దగ్గరగా పట్టి చూచినది, నాడి చూచినది, ఫోను చేసినది. కాలుగంటలో ఇద్దరు వైద్యులు మంచము ప్రక్కన నిలిచిరి. స్కానింగునకు తీసికొనిపోయిరి. కడుపు తిరిగి కోయలేదు. తొడ మూలమునందలి ధమని గుండ సన్నని గొట్టమును పంపి, కారుచున్న రక్తనాళమును సన్నని లోహపు చుట్టతో లోపలి నుండియే మూసివేసిరి. రక్తము అప్పటికే సిద్ధముగా నున్నది. ఆరు గంటలకు అక్క కన్ను విప్పి, "తెల్లవారిందా?" అని అడిగినది. మత్తులో ఆమెకు తమిళము మరుపునకు వచ్చి తెలుగే పలుకుచుండగా, చిత్తూరు ప్రాంతపు ఆయా ఒకామె విని, "తెల్లవారిందమ్మా" అని బదులు చెప్పినది.

ఉదయము ఆ నర్సును అడిగితిని: అంత కొద్ది రక్తమును చూచి ఎట్లు కనిపెట్టితివమ్మా అని. ఆమె తమిళములో చెప్పిన బదులు చిన్నది: "ఇంతకు ముందు చూచినాను సారు."

ఈ బదులులోని సత్యమును 2009లో అమీర్ ఘాఫరీ మున్నగువారు సంఖ్యలలో చూపిరి. మరణములు మిక్కిలి ఎక్కువగా నున్న ఆసుపత్రులను, మిక్కిలి తక్కువగా నున్న వానిని పోల్చి చూడగా, ఆపరేషను తరువాత చిక్కులు వచ్చుటలో పెద్ద భేదము లేదు. ఒకచోట నూటికి 24.6, మరియొకచోట 26.9. కాని పెద్ద చిక్కు వచ్చిన రోగులలో మరణించినవారు ఒకచోట నూటికి 21.4, మరియొకచోట 12.5. అనగా మంచి ఆసుపత్రి చిక్కులు రాని ఆసుపత్రి కాదు. చిక్కు వచ్చినపుడు దానిని వేళకు గుర్తించి రోగిని గట్టెక్కించు ఆసుపత్రి. మామకును అక్కకును వచ్చిన చిక్కు ఒక్కటే. వారిద్దరి నడుమ నున్న భేదము కత్తిలో లేదు. గొట్టమును చూచిన కన్నులో నున్నది.

ఇది చదివినవారు ప్రతి జబ్బునకు పట్నము పరుగెత్తవలెనని తలపరాదు. 1979 నాటి పరిశీలనలోనే పిత్తాశయమును తొలగించు ఆపరేషనునకు సంఖ్యతో సంబంధము కనబడలేదు. 2002 నాటి దానిలో మెడలోని ధమనిని శుభ్రపరచు ఆపరేషనునకు భేదము నూటికి 0.2 మాత్రమే. ప్రేగు పగిలినపుడో, రక్తము కారుచున్నపుడో దూరమే మృత్యువు. అపుడు దగ్గరి ఆసుపత్రియే దేవాలయము. ఎక్కువమందికి చేయుటచే ఆసుపత్రి మంచిదగుచున్నదా, మంచిదగుటచే ఎక్కువమంది వచ్చుచున్నారా అను ప్రశ్నయు కలదు. రెండును కొంత నిజమే. సంఖ్య తక్కువైనను శ్రద్ధతో నడచు ఆసుపత్రులు కలవు. సంఖ్య ఎక్కువైనను శ్రద్ధ లేనివియు కలవు. సంఖ్య ఒక గుర్తు మాత్రమే. అయినను అపరిచితుని చేతిలో ప్రాణమును పెట్టువానికి ఆ గుర్తైనను కావలెను. నెదర్లాండ్సు దేశమున అన్నవాహిక క్యాన్సరు ఆపరేషనును ఏటికి 10 అయినను చేయని ఆసుపత్రి చేయరాదని 2006లోను, 20 అయినను ఉండవలెనని 2011లోను నియమించిరి. మన దేశములో ఆసుపత్రులు తమ లెక్కలను ప్రజలకు వెల్లడించు ఆచారము ఇంకను స్థిరపడలేదు. కావున అడుగవలసినవారము మనమే. అడుగుట అమర్యాద కాదు.

మరియొక సంగతి. మనవారు దూరపు ఆసుపత్రికి జంకుట ప్రాణభయము చేత మాత్రమే కాదు. అచట బస ఎచట, అన్నము ఎవరు పెట్టుదురు, ముసలివారి మాట ఎవరికి అర్థమగును అను చింతయే పెద్దది. ఈ చింతయే మా మామను దగ్గరి ఆసుపత్రిలో కట్టివేసినది. ఇట్టివేళ అక్కరకు వచ్చునది సంఘము. పెద్ద ఆసుపత్రులున్న ప్రతి నగరమునను రోగి వెంట వచ్చినవారికి ఒక గది, ఒక పూట భోజనము, రాత్రి మార్చి మార్చి తోడుండు ఇద్దరు మనుష్యులు, ఇంతమాత్రము మన సంఘములు ఏర్పరచగలిగిన యెడల, అది ఏ ఉత్సవమునకును తీసిపోదని నా మనవి.

అక్క నేటికిని మా ఊరిలోనే యున్నది. చూడవచ్చినవారు ఆ పట్నపు డాక్టరు హస్తవాసి గొప్పదని పొగడుదురు. అక్క వినును, తల ఊపును, పిదప ఒక్కొక్కప్పుడు అనును: "ఆ డాక్టరు చెయ్యి మంచిదే. కాని ఆ రాత్రి నన్ను పట్టుకున్నది ఆ పిల్ల చెయ్యి. దాని పేరైనా అడిగి రాకపోతిమి కదరా!"

నిజమే, అడుగలేదు.